నిదానమే ప్రధానం

తెలుగులో 'నిదానం' అనే మాటకు రెండు అర్థాలు ఉన్నాయి. తొందరపాటు లేకుండా వ్యవహరించడం మొదటిది. రోగానికి మూలకారణాన్ని కనుగొనడం రెండవది. ఆయుర్వేదంలో మాధవకరుడు రచించిన 'మాధవనిదానం' ఈ రెండవ అర్థానికి సంబంధించిన గ్రంథం. 'నిదానమే ప్రధానం' అన్న సామెతను లోకం మొదటి అర్థంలోనే వాడుతున్నా, చికిత్సకు పూనుకొనే ప్రతివారికీ రెండర్థాలూ వర్తిస్తాయి. రోగిని పరీక్షించే వైద్యునికే కాదు, యంత్రాన్ని బాగుచేసే మెకానిక్‌కు కూడా ఇది శిరోధార్యమే. ఒకరు వాడిన కారును మరొకరు కొన్న కొద్దిరోజులకే డాష్‌బోర్డు మీద పసుపుపచ్చని ఇంజను బొమ్మ వెలిగినప్పుడు ఈ సామెత విలువ తెలిసివస్తుంది. ఆ దీపాన్నే 'చెక్ ఇంజిన్ లైటు' అంటారు.

ఈ దీపం వ్యాప్తికి కారణం యజమాని సౌకర్యం కంటే ముఖ్యంగా ప్రజలు పీల్చే గాలి. 1940వ దశకంలో అమెరికాలోని లాస్ ఏంజెలెస్ నగరాన్ని కళ్లు మండించే కాలుష్యపు పొగ కమ్ముకొనేది. వాహనాలు, కర్మాగారాలు విడిచే వాయువులపై ఎండ ప్రసరించినప్పుడు జరిగే రసాయనిక చర్యలే దానికి కారణమని 1950వ దశకం తొలినాళ్లలో ఆరీ హాగెన్-స్మిట్ అనే శాస్త్రవేత్త వెల్లడించాడు. కాలక్రమంలో కాలుష్య నియంత్రణ చట్టాలు కఠినమయ్యాయి. నియంత్రణ పరికరాలు చెడిపోతే వాహనమే ఆ సంగతి తెలియజేయాలన్న నిబంధన 1988 మోడల్ కార్ల నుండి కాలిఫోర్నియాలో మొదలైంది. 1996 నుండి అమెరికాలో అమ్మే కొత్త కార్లన్నింటికీ ఒకే విధమైన స్వయంపరీక్షా విధానం తప్పనిసరి అయింది. మన దేశంలో భారత్ స్టేజ్-4 ప్రమాణాలతోపాటు ఈ విధానం 2010లో ప్రవేశించి, 2013 ఏప్రిల్ నుండి మరింత సమగ్రమైంది.

ఇంజను పనితీరును ఒక చిన్న కంప్యూటరు నిరంతరం గమనిస్తుంది. పెట్రోలు ఇంజనులో ఒక పాలు పెట్రోలు పూర్తిగా మండడానికి బరువును బట్టి సుమారు 14.7 పాళ్ల గాలి అవసరం. గాలిని కొలిచే సెన్సర్, పొగలోని ఆక్సిజన్‌ను కనిపెట్టే సెన్సర్ మొదలైనవి పంపే సమాచారాన్ని బట్టి కంప్యూటరు పెట్రోలును పెంచుతూ, తగ్గిస్తూ ఉంటుంది. ఆ సవరణ హద్దు మీరితే ఒక కోడ్‌ను నమోదు చేసుకొని దీపాన్ని వెలిగిస్తుంది. చాలా లోపాల విషయంలో ఒకసారి కనిపించగానే వెలిగించదు. వరుసగా రెండవ ప్రయాణంలో కూడా అదే లోపం కనిపిస్తేనే వెలిగిస్తుంది. యంత్రానికి సైతం అంత నిదానం నేర్పారు!

దీపం వెలిగే తీరును బట్టి కర్తవ్యం మారుతుంది. నిలకడగా వెలుగుతూ, కారు మామూలుగా నడుస్తుంటే, వీలైనంత త్వరలో పరీక్ష చేయించవచ్చు. దీపం ఆరుతూ వెలుగుతూ మిణుకుమంటే మాత్రం ఏదో ఒక సిలిండరులో ఇంధనం సరిగా మండడం లేదని అర్థం. మండని పెట్రోలు పొగగొట్టంలోని క్యాటలిటిక్ కన్వర్టర్‌ను చేరి దానిని విపరీతంగా వేడెక్కిస్తుంది. అందులో ప్లాటినం, పల్లాడియం, రోడియం వంటి విలువైన లోహాలు ఉంటాయి. అందుచేత వెంటనే వేగం తగ్గించి, సురక్షితమైన చోట ఆపడం మంచిది. ఆయిల్ పీడనాన్ని, ఇంజను వేడిని సూచించే ఎర్ర దీపాలు వేరు. అవి వెలిగితే ప్రయాణం కొనసాగించరాదు.

స్టీరింగు కింది భాగంలో ఉండే పదహారు పిన్నుల సాకెట్టుకు స్కానర్‌ను తగిలిస్తే కోడ్ తెలుస్తుంది. పి0301 అంటే మొదటి సిలిండరులో ఇంధనం సరిగా మండడం లేదని, పి0171 అంటే మిశ్రమంలో గాలి ఎక్కువై పెట్రోలు తక్కువైందని అర్థం. ఇక్కడే చాలామంది పొరపడతారు. కోడ్ లక్షణాన్ని మాత్రమే చెబుతుంది, కారణాన్ని చెప్పదు. ఒళ్లు కాలుతున్నదని థర్మామీటరు చెప్పగలదు గాని, అది మలేరియానో టైఫాయిడో చెప్పలేదు.

అప్పు చేసి పాత కారు కొని, అద్దెకు తిప్పుకొనే డ్రైవరు ఒకడున్నాడనుకోవచ్చు. అతని కారులో పి0171 కోడ్ కనిపించింది. కోడ్ ఆక్సిజన్ సెన్సర్‌కు సంబంధించినదని ఊహించి ఒక మెకానిక్ దానిని మార్చాడు. రెండు రోజులకు దీపం మళ్లీ వెలిగింది. పెట్రోలు పంపును మార్చాలని మరొకరు సలహా ఇచ్చారు. డబ్బుతోపాటు రెండు దినాల కిరాయి కూడా పోయింది. నిజానికి ఆ సెన్సర్ దోషి కాదు, సాక్షి. ఉన్న మాట చెప్పినందుకు దానికి శిక్ష పడింది.

నిదానం తెలిసిన మెకానిక్ మరో విధంగా నడుచుకొంటాడు. కోడ్ నమోదైన క్షణంలో ఇంజను వేడి, వేగం, భారం ఎంతెంత ఉన్నాయో కంప్యూటరు దాచుకొన్న వివరాలను ముందుగా చదువుతాడు. తర్వాత పెట్రోలు సవరణ శాతాన్ని గమనిస్తాడు. అది సాధారణంగా పది శాతానికి అటూ ఇటూ లోపల ఉండాలి. గాలి ప్రవాహాన్ని కొలిచే సెన్సర్ ఉన్న ఈ కారు నిలిచి ఉన్నప్పుడు సవరణ ఇరవై శాతం దాటి, ఇంజను వేగం 2500 చుట్లకు పెంచగానే నాలుగైదు శాతానికి తగ్గిందనుకోవచ్చు. అంటే కొలతకు అందకుండా ఎక్కడో దొంగగాలి చొరబడుతున్నదని అనుమానించాలి. వేగం పెరిగేకొద్దీ ఆ చొరబాటు వాటా తగ్గిపోతుంది. అలా కాక, భారం పెరిగినకొద్దీ సవరణ కూడా పెరిగితే పెట్రోలు సరఫరాను, గాలి కొలిచే సెన్సర్‌ను పరీక్షించాలి. గాలి మార్గంలోకి పొగను పంపి చూస్తే పగిలిన రబ్బరు గొట్టం బయటపడుతుంది. మారవలసినది కొద్దిపాటి ఖరీదు చేసే ఆ గొట్టమే.

పి0420 కోడ్ విషయంలోనూ ఇంతే. క్యాటలిటిక్ కన్వర్టర్ సామర్థ్యం తగ్గిందని అది సూచిస్తుంది. పొగగొట్టంలో కారుడు ఉన్నదేమో చూడకుండా, ఇంజను ఆయిలును తాగుతున్నదేమో గమనించకుండా కొత్త కన్వర్టర్ బిగిస్తే, పాతదానికి పట్టిన గతే కొత్తదానికీ పట్టవచ్చు.

పాత కారు కొనేవారు మరొక జాగ్రత్త పాటించాలి. తాళం తిప్పి, ఇంజను స్టార్టు చేయకముందు ఈ దీపం వెలగాలి, స్టార్టయ్యాక ఆరాలి. అసలే వెలగకపోతే దీపం చెడిపోయి ఉండవచ్చు, లేదా ఎవరైనా కావాలని పనిచేయకుండా చేసి ఉండవచ్చు. స్కానర్‌తో కోడ్‌లను చెరిపివేసి, దీపాన్ని ఆర్పి అమ్మేవారు కూడా ఉంటారు. అయితే కోడ్‌తోపాటు స్వయంపరీక్షల ఫలితాలు కూడా చెరిగిపోతాయి. అవి 'అసంపూర్ణం' అని స్కానర్ చూపితే, ఇటీవల ఎవరో కోడ్‌లను చెరిపారని గాని, బ్యాటరీ విప్పారని గాని గ్రహించాలి. అది మోసానికి రుజువు కాదు. ప్రశ్నించడానికి తగిన ఆధారం. కొన్నాళ్లు నడిపి, పరీక్షలు పూర్తయ్యాక మళ్లీ చూసి బేరం కుదుర్చుకోవడం వివేకం.

దీపాన్ని ఆర్పడం వేరు, దోషాన్ని తొలగించడం వేరు. లోపం నిజంగా తొలగితే, వరుసగా మూడు ప్రయాణాల్లో అది కనిపించకపోయిన పిమ్మట దీపం తనంతట తానే ఆరిపోతుంది. ఈ పద్ధతి కారుకే పరిమితం కాదు. లక్షణాన్ని చూసి, కారణాన్ని ఊహించి, ఊహను పరీక్షించి, ఆ తర్వాతనే చేయి చేసుకోవడం శాస్త్రీయ దృక్పథం. పేదవాని కష్టార్జితాన్ని, పదిమంది పీల్చే గాలిని కూడా కాపాడేది ఆ దృక్పథమే.

అభ్యాసం

వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. 'సెన్సర్ దోషి కాదు, సాక్షి' అన్న మాటను పాఠం ఆధారంగా వివరించండి.
2. 'నిదానమే ప్రధానం' అనే శీర్షిక ఈ పాఠానికి ఎలా తగినదో సమర్థించండి.

సంక్షిప్త సమాధాన ప్రశ్నలు
1. చెక్ ఇంజిన్ లైటు మిణుకుమంటే ఏం చేయాలి? ఎందుకు?
2. పాత కారు కొనేవారు ఈ దీపం విషయంలో పాటించవలసిన జాగ్రత్తలేవి?
3. దొంగగాలి చొరబడుతున్నదని మెకానిక్ ఎలా గుర్తిస్తాడు?