గాయం మానినా...

రహదారి ప్రమాదంలో శరీరానికి తగిలిన దెబ్బ కంటికి కనబడుతుంది. మనస్సుకు తగిలినది కనబడదు. 1998లో వెలువడిన ఒక బ్రిటిష్ అధ్యయనంలో, ప్రమాదానికి గురైన 119 మంది పిల్లలను ఆరు వారాల తరువాత పరిశీలించగా, 41 మందిలో తీవ్రమైన మానసిక ఆఘాత లక్షణాలు బయటపడ్డాయి. ఆటలలో గాయపడిన 66 మందిలో అవి ఇద్దరికే ఉన్నాయి. గాయం పెద్దదా, చిన్నదా అన్నదానితో ఈ ఆఘాతానికి సంబంధం కనిపించలేదు. ‘ప్రాణం పోతుంది’ అని ఆ క్షణాన తలచిన పిల్లలలోనే అది అధికంగా ఉంది.

ఆ తలంపు స్థిరపడితే లోకమంతా అపాయకరంగా తోస్తుంది. హారన్ మోతకే గుండె అదురుతుంది. పాఠంపై దృష్టి నిలువదు. అట్టి సహాధ్యాయిని సోమరి అని నిందించకండి. అతడు చెప్పుకోదలచినప్పుడు ఓపికతో వినండి. నెల దాటినా భయం తగ్గకపోతే మానసిక వైద్యునికి చూపించడం పెద్దల బాధ్యత.