సూఫీ సంప్రదాయం: కృష్ణా తీరం నుంచి ప్రశ్నలు

ఉర్స్: సూఫీ గురువు వర్ధంతి ఉత్సవం. దైవంలో ఐక్యమైన రోజు కనుక దుఃఖదినం కాదు. పీర్ గురువు, మురీద్ శిష్యుడు, ఖాన్‌ఖా ఆశ్రమం. పరీక్షలో వీటిని జతపరచమని అడుగుతారు.

కొండపల్లి (ఎన్టీఆర్ జిల్లా, ఏర్పాటు 2022 ఏప్రిల్ 4): షాబుఖారి దర్గా. ఉర్స్‌లో ప్రధాన ఘట్టం గంధం: గంధపు గిన్నెను ఊరేగించి, ఆ గంధాన్ని సమాధికి పూసి, చాదర్ (వస్త్రం) కప్పుతారు. ఆపై ఫాతెహా ప్రార్థన, అన్నదానం. భక్తుల వరుసలో హిందూ కుటుంబాలూ నిలబడతాయి. సూఫీల సామాజిక పాత్రపై మెయిన్స్ జవాబుకు ఇంతకన్నా మంచి స్థానిక ఉదాహరణ అక్కర్లేదు.

విజయవాడ హజ్రత్‌బల్ మసీదు: ప్రవక్త పవిత్ర అవశేషాన్ని ఏటా ఒకసారి ప్రదర్శిస్తారు. శ్రీనగర్ హజ్రత్‌బల్‌తో కలపొద్దు.

ఉమర్ ఆలీషా (1885–1945): పిఠాపురం సూఫీ పీఠాధిపతి, తెలుగు కవి, ఖయ్యాం రుబాయీల అనువాదకుడు, కేంద్ర శాసనసభ సభ్యుడు. స్త్రీవిద్యను గట్టిగా సమర్థించారు. ఈ పేరు వదిలేయొద్దు.

దర్గాల నిర్వహణ, చట్టం: రాజ్యాంగ అధికరణ 26 మత వ్యవహారాల నిర్వహణ స్వేచ్ఛ ఇస్తుంది. అజ్మీర్ దర్గా కమిటీ కేసు (1961): దర్గా ఖ్వాజా సాహెబ్ చట్టం, 1955 చెల్లుతుందని సుప్రీంకోర్టు తీర్పు. వక్ఫ్ చట్టం 1995, తాజా సవరణ 2025.