దేవుని మందిరము – ప్రభుత్వపు పన్ను

మూలవాక్య భాగము: మత్తయి 17:24–27
చదువవలసినవి: ఎజ్రా 7:24, 8:24–34, రోమా 13:6, 7, 2 కొరింథీ 8:20, 21

మత సంస్థలు ప్రభుత్వమునకు పన్ను చెల్లింపవలెనా? ఈ ప్రశ్న సంఘ కమిటీలలో తరచుగా లేచుచున్నది. ఇది దేవుని సొమ్ము, దీని లెక్క అడుగుటకు ప్రభుత్వమునకేమి పని అని కొందరందురు. ఎల్లరును చెల్లించుచుండగా సంఘమేల తప్పించుకొనవలెనని మరికొందరందురు. ఈ రెండు మాటలలోను కొంత సత్యమున్నది. కనుక లేఖనమును, మన దేశపు చట్టమును ప్రక్కప్రక్కన నుంచి చూతము.

1. కుమారుని హక్కు

కపెర్నహూములో పేతురు నడిగిన పన్ను రోమా ప్రభుత్వపు పన్ను కాదు. అది యెరూషలేము దేవాలయము నిమిత్తమై యూదులు చెల్లించు అరషెకెలు. రాజులు తమ కుమారులయొద్ద సుంకము పుచ్చుకొనరు గనుక దేవుని కుమారుడు దానికి బద్ధుడు కాడు. ఆ సంగతిని ప్రభువు పేతురునకు విశదపరచెను. అయినను ఇతరులకు అభ్యంతరము కలుగకుండునట్లు, చేప నోట దొరికిన నాణెముతో తమ యిద్దరి పన్నును చెల్లింపజేసెను. హక్కు కలదని తెలిపి, దానికై పోరాడక విడిచెను.

క్రీ.శ. 70లో దేవాలయము నాశనమైన పిమ్మట వెస్పసియాను చక్రవర్తి ఆ పన్నునే రోమాలోని జూపిటరు గుడికి మళ్లించెను. తాము నమ్మని దేవుని గుడికి బలవంతముగా చెల్లించుట యూదులకెంత వేదనయో ఊహింపవచ్చును. ఏదేని ఒక మతమును పోషించుటకే ప్రత్యేకింపబడిన పన్నును చెల్లింపుమని ఎవరిని బలవంతపెట్టరాదని మన రాజ్యాంగములోని 27వ అధికరణము శాసించుచున్నది. ఈ రక్షణ మనకును, మన పొరుగువారికిని సమానమే.

2. మినహాయింపు వెంట లెక్క

మినహాయింపు క్రొత్తది కాదు. యాజకులు, లేవీయులు, దేవాలయ సేవకులు పన్ను కట్టనక్కరలేదని పారసీక రాజైన అర్తహషస్త ఆజ్ఞాపించెను. ఇది ఎజ్రా 7వ అధ్యాయములో నున్నది. అయితే 8వ అధ్యాయమును చదువక విడువరాదు. అచ్చట ఎజ్రా వెండి బంగారములను తూచి పన్నిద్దరు యాజకుల కప్పగించెను. యెరూషలేము చేరిన పిమ్మట వాటిని మరల తూచి, ఆ మొత్తమును వ్రాయించెను. పన్ను లేదు గాని లెక్క కలదు. రాజు నమ్మి విడిచిన దానిని దేవుని సేవకులు తూనికరాళ్లతో కాపాడిరి.

3. మన దేశములో

మన చట్టపు మార్గమును ఇట్టిదే. రిజిస్టరు చేసికొన్న మత, ధర్మ సంస్థ తన ఆదాయములో కనీసము 85 శాతము తన ఉద్దేశములకే వినియోగించిన యెడల పన్ను మినహాయింపు పొందునని 1961 నాటి ఆదాయపు పన్ను చట్టము ఏర్పరచెను. 2025లో చేయబడిన క్రొత్త చట్టమును ఈ నియమమును నిలిపినది. అయితే ఆ సొమ్ము ధర్మకర్తలకో వారి బంధువులకో లాభమైన యెడల మినహాయింపునకు ముప్పు కలుగును.

ఆరాధన వేరు, అద్దె వేరు. మతాచారములను జరిగించుటకు జి.యస్.టి. లేదు. కాని మందిరావరణములోని కల్యాణ మండపపు అద్దె దినమునకు 10,000 రూపాయలు గాని అంతకు మించి గాని యున్న యెడల ఆ మినహాయింపు వర్తింపదు.

సంస్థ వేరు, సేవకుడు వేరు. పాదిరిగారి జీతము ఆయన సొంత ఆదాయమే. ఎయిడెడ్ పాఠశాలలలో బోధించు కతోలిక గురువులును కన్యాస్త్రీలును, తమ జీతమంతయు సంస్థకే చెందును గనుక అందులో పన్ను కోయరాదని వాదించిరి. 2024 నవంబరులో సుప్రీంకోర్టు ఆ వాదమును త్రోసిపుచ్చినది.

4. మన జవాబు

విధవరాలి కాసు మీద పన్ను వేయుట తగదు. ఆమె ఆ కాసును దేవునికిచ్చెను. అయితే అదే కాసును మనము సొంతమునకు వాడుకొనిన యెడల, పన్ను లేదను మాట మనకు కవచము కాదు, తీర్పే యగును. వర్తకునివలె ఆర్జించినచో వర్తకునివలె చెల్లింపవలెను. ఆరాధన కొరకు పొందిన విడుదలను ఆరాధనకును, బీదల పోషణకును వినియోగింపవలెను. యెరూషలేములోని పేదలకై కానుకలు కూర్చినప్పుడు పౌలు, ప్రభువు దృష్టికే గాక మనుష్యుల దృష్టికిని యోగ్యమైన రీతిని చూచుకొనెను. సంఘపు లెక్కల పుస్తకము కూడ ఒక సాక్ష్యమే. ఆడిటరు దానిని చదువును, అన్యుడును చదువును.

ఆలోచించుడి

1. మీ సంఘపు జమాఖర్చులు ఏటేట సంఘస్థుల యెదుట చదువబడుచున్నవా?
2. సంఘపు ఆస్తి మీద వచ్చు అద్దె ఎవరి మేలుకై వ్యయమగుచున్నది?
3. హక్కు కలిగియు ప్రభువు ఏల చెల్లించెను?

ప్రార్థన: ప్రభువా, నీ సొమ్మును నమ్మకముగా కాపాడు చేతులను, దాచక చూపు ధైర్యమును మాకు దయచేయుము. ఆమేన్.