నాన్న వస్తే పాప దగ్గరికి రావడం లేదు

ప్రశ్న: 108 అంబులెన్స్ నడుపుతాను. పన్నెండు గంటల డ్యూటీ. ఇంటికొస్తే చిరాకు. నాలుగేళ్ల పాప నన్ను చూస్తే ముడుచుకుంటోంది. – ఒక పాఠకుడు, కల్లావి

జవాబు: మీ ప్రేమ తగ్గలేదు. ప్రమాదాల దగ్గర బిగుసుకున్న ఒళ్లు ఇల్లు చేరగానే సడలదు, చిరాకుగా బయటపడుతుంది. పాపకు అది తనమీద కోపంలా కనిపిస్తుంది.

బండి అప్పగించాక పది నిమిషాలు ఊరికే కూర్చోండి. స్నానం చేసి, ఫోన్ పక్కన పెట్టి, పావుగంట పాపతో ఆడండి. ఏ ఆటో తనే చెప్పాలి. రాత్రి డ్యూటీ అయితే ముందు నిద్ర. నిద్ర లేనిదే ఓపిక ఎక్కడిది? డ్యూటీకి వెళ్లేటప్పుడు చెప్పకుండా జారుకోకండి, ఎప్పుడొస్తారో చెప్పండి. పండగకు లేకపోయినా సర్దుకుంటుంది, ఆ పావుగంట మాత్రం పోనివ్వకండి.

చూసిన ప్రమాదాలు కలల్లోకి వస్తున్నా, రెండు వారాలుగా నిద్ర లేకపోయినా, తాగుడు పెరుగుతున్నా మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ చేయండి, ఉచితం. చనిపోవాలనిపిస్తే ఆ రోజే ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లండి.