పాత మోటారు సైకిలు కొనుగోలు

బండి మెరుగు చూచి మురిసి వెంటనే పైకము చెల్లించుట వివేకము కాదు. కొనదలచినవాడు పగటివేళ, యంత్రపు మంచిచెడ్డలు తెలిసిన పెద్దలతో పోయి చూడవలెను. మొదట చాసిస్ పైనను, ఇంజను పైనను చెక్కిన సంఖ్యలను రిజిస్ట్రేషను పత్రముతో సరిపోల్చవలెను. ఒక్క అంకె తేడా యున్నను ఆ బేరమును విడువవలెను. చల్లగా నున్న ఇంజనునే నడిపించి చూడవలెను. ముందే వేడెక్కించిన ఇంజను తన లోపమును దాచును. పత్రములో అప్పు నమోదై యున్నచో, అది తీరినదని అప్పిచ్చిన సంస్థ వ్రాసియిచ్చిన పత్రమును అడుగవలెను.

పైకము చేతులు మారినంతమాత్రమున పని ముగియదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ననుసరించి, ఒకే రాష్ట్రములో అమ్మినవాడు 14 దినములలోను, కొన్నవాడు 30 దినములలోను రవాణా కార్యాలయమునకు తెలుపవలెను. పేరు మారకమునుపే ప్రమాదము జరిగినచో, పరిహారపు బాధ్యత రిజిస్టరులో పేరున్న యజమానిదే యని సుప్రీంకోర్టు 2018లో తీర్పు చెప్పెను. కనుక పేరు మార్పు ఇరువురికిని రక్ష.