మందు చెప్పి ఇచ్చే చదువు

మెథోట్రెక్సేట్ అని ఒక మాత్ర ఉంది. కీళ్లవాతంతో బాధపడేవారికి డాక్టర్లు దీన్ని వారానికి ఒక్కసారే వేసుకోమని రాస్తారు. బీపీ మాత్రలా రోజూ వేసుకుంటే నోరంతా పూస్తుంది, రక్తకణాలు పడిపోతాయి, ప్రాణం మీదికి వస్తుంది. చీటీ సరిగ్గానే ఉంటుంది, మందూ మంచిదే. చెప్పకుండా వదిలేసింది ఒక్క మాట: ‘అమ్మా, ఇది రోజూ కాదు, వారంలో ఒక్కరోజే.’ ఆ మాట చెప్పి, రోగికి అర్థమైందో లేదో చూసుకుని పంపాల్సిన మనిషి ఫార్మసిస్ట్. ఫార్మసీ కోర్సులో చేరాలనుకునే విద్యార్థులు ముందుగా గ్రహించాల్సింది ఇదే.

ఈ మందు వెనుక ఒక తెలుగువాడి కృషి ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లే సంస్థలో పరిశోధనకు సారథ్యం వహించిన రోజుల్లోనే ఇది తయారైంది. బోదకాలు నివారణకు నేటికీ ఊరూరా పంచుతున్న డీఈసీ మాత్ర, టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్ కూడా అక్కడి నుంచే వచ్చాయి. మందు కనిపెట్టడం గొప్ప పని. దాన్ని రోగికి సరైన మోతాదులో, సరైన వేళకు అందేలా చూడటమూ అంతే బాధ్యతగల పని.

ఏ కోర్సు ఎవరికి?

ఇంటర్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీతో పాటు మ్యాథ్స్ లేదా బయాలజీ చదివినవారికి ఫార్మసీలో మూడు దారులున్నాయి. డి.ఫార్మసీ రెండేళ్ల డిప్లొమా. ఆ తర్వాత 500 గంటల ప్రాక్టికల్ శిక్షణ ఉంటుంది. త్వరగా ఉద్యోగంలో చేరాలనుకునేవారికి, సొంతంగా మందుల షాపు పెట్టాలనుకునేవారికి ఇది సరిపోతుంది. అయితే డిప్లొమా వారు రిజిస్ట్రేషన్‌కు ముందు ఎగ్జిట్ పరీక్ష పాస్ కావాలని 2022లో నిబంధనలు వచ్చాయి. చేరే ముందే ఆ వివరాలు తెలుసుకోండి.

బి.ఫార్మసీ నాలుగేళ్లు. మందుల తయారీ, నాణ్యత పరీక్షలు, పరిశోధన వైపు వెళ్లేవారికి ఇది తగిన డిగ్రీ. తర్వాత ఎం.ఫార్మసీకి జీప్యాట్ ప్రవేశ పరీక్ష రాయవచ్చు. హైదరాబాద్ బాలానగర్‌లోని జాతీయ ఔషధ విద్య, పరిశోధన సంస్థ (నైపర్)లో పీజీ సీటు కోసమైతే నైపర్ సంస్థల ఉమ్మడి ప్రవేశ పరీక్ష రాయాలి.

ఫార్మ్.డి ఆరేళ్లు. మన దేశంలో 2008లో మొదలైంది. అయిదేళ్ల చదువు, ఏడాది ఆసుపత్రి ఇంటర్న్‌షిప్. రోగుల మధ్య పనిచేయాలనే కోరిక బలంగా ఉన్నవారికి ఇదే సరైన కోర్సు. బి.ఫార్మసీ పూర్తయ్యాక మనసు ఇటు మళ్లితే, మూడేళ్ల పోస్ట్ బాకలారియేట్ ఫార్మ్.డి కూడా ఉంది. రెండు తెలుగు రాష్ట్రాల్లో బి.ఫార్మసీ, ఫార్మ్.డి కన్వీనర్ సీట్లకు ఈఏపీసెట్ రాయాలి. ఎంపీసీ వారూ, బైపీసీ వారూ అర్హులే.

వార్డులో ఏం చేస్తారు?

క్లినికల్ ఫార్మసిస్ట్ డాక్టర్లతో కలిసి రౌండ్స్‌కు వెళతారు. కేస్ షీట్ చూసి, ఒక మందు మరో మందుతో తగువు పెట్టుకుంటుందేమో పరిశీలిస్తారు. కిడ్నీలు బలహీనంగా ఉన్న రోగికి మోతాదు తగ్గించాల్సి ఉంటే డాక్టర్ దృష్టికి తెస్తారు. ఇక అసలు పని రోగితో మాట్లాడటం.

టీబీ చికిత్సనే తీసుకుందాం. రిఫాంపిసిన్ వేసుకున్నవారికి మూత్రం ఎర్రగా, నారింజ రంగులో వస్తుంది. ముందుగా చెప్పకపోతే రోగి రక్తం పడుతోందని హడలిపోయి మందు మానేయవచ్చు. మధ్యలో మానేస్తే టీబీ క్రిములు మందుకు లొంగకుండా మొండికేసే ప్రమాదం ఉంది. అదే మందు గర్భనిరోధక మాత్రల ప్రభావాన్ని తగ్గిస్తుంది. ఆ సంగతి మహిళా రోగులకు గుర్తుచేయాలి. టెట్రాసైక్లిన్‌ను పాలతో వేసుకుంటే ఒంటికి సరిగా పట్టదు. ఇవన్నీ పుస్తకంలో చదివేవే. కానీ చదువు రాని పెద్దాయనకు అర్థమయ్యేలా తెలుగులో చెప్పగలిగినప్పుడే ఆ చదువుకు ఫలితం.

యాంటీబయాటిక్స్ విషయంలో బాధ్యత ఇంకా పెద్దది. కొన్ని యాంటీబయాటిక్స్‌ను చట్టం షెడ్యూల్ హెచ్1 జాబితాలో చేర్చింది. ఆ జాబితాలోని మందులు అమ్మితే డాక్టర్ పేరు, రోగి పేరు, మందు, పరిమాణం రిజిస్టర్‌లో రాసి మూడేళ్లు భద్రపరచాలి. ‘జ్వరంగా ఉంది, రెండు మాత్రలివ్వు బాబూ’ అని అడిగే పక్కింటాయనకు, చీటీ లేకుండా ఇవ్వనని నచ్చజెప్పే నిబ్బరం ఈ వృత్తికి కావాలి.

ఉద్యోగాలెక్కడ?

కార్పొరేట్ ఆసుపత్రుల్లో క్లినికల్ ఫార్మసిస్టులు, ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఫార్మసిస్టులు, ఔషధ నియంత్రణ విభాగంలో డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు ఉంటారు. ఫార్మసీ డిగ్రీ ఉన్నవారు డ్రగ్ ఇన్‌స్పెక్టర్ పోస్టుకు పోటీపడవచ్చు. మందుల వల్ల కలిగే దుష్ప్రభావాలను నమోదు చేసి విశ్లేషించే ఫార్మకోవిజిలెన్స్ ఇప్పుడు పెద్ద ఉపాధి రంగం. హైదరాబాద్‌లో దీనికి సంబంధించిన సంస్థలు చాలా ఉన్నాయి. ఇంగ్లిష్‌లో తప్పుల్లేకుండా రాయగలగడం ఇక్కడ అవసరం. క్లినికల్ ట్రయల్స్, మెడికల్ రైటింగ్, బోధన కూడా మంచి దారులే.

అమెరికాలో ఫార్మసిస్ట్ కావాలనుకునేవారు ఒక విషయం గుర్తుంచుకోవాలి. విదేశీ పట్టభద్రుల అర్హత పరీక్ష రాయాలంటే కనీసం అయిదేళ్ల ఫార్మసీ డిగ్రీ ఉండాలి. నాలుగేళ్ల బి.ఫార్మసీ ఒక్కటే సరిపోదు. ఫార్మ్.డి ఉన్నవారికి ఆ దారి తెరిచి ఉంటుంది.

చేరే ముందు

ఫార్మ్.డి చేసినవారికి మన దేశంలో మందులు రాసే అధికారం లేదు. డాక్టర్ కావడానికి అడ్డదారి అనుకుని చేరితే నిరాశే మిగులుతుంది. కాలేజీకి ఫార్మసీ కౌన్సిల్ గుర్తింపు ఉందో లేదో చూసుకోండి. ఫార్మ్.డి కాలేజీకి కనీసం 300 పడకల ఆసుపత్రితో అనుబంధం ఉండాలి. విద్యార్థులను నిజంగా వార్డులకు తీసుకెళుతున్నారో లేదో సీనియర్లను అడిగి తెలుసుకోండి. వార్డు చూడకుండా ఆరేళ్లు గడిపితే ఆ పట్టా చేతికొచ్చినా పని రాదు.

ఇంకొక్క విన్నపం. చదువయ్యాక మీ సర్టిఫికెట్‌ను మందుల షాపుకు అద్దెకివ్వకండి. 1948 నాటి ఫార్మసీ చట్టం ప్రకారం మందు ఇవ్వాల్సింది రిజిస్టర్డ్ ఫార్మసిస్టే. గోడకు మీ సర్టిఫికెట్ వేలాడుతూ, కౌంటర్‌లో మరొకరు మందులిస్తుంటే, అక్కడ జరిగే పొరపాట్లకు బలయ్యేది రోగి.

ఈ దారి మీకు నప్పుతుందో లేదో ఇంట్లోనే తేల్చుకోవచ్చు. అమ్మమ్మ మందుల డబ్బా తెరిచి, ఆమె పక్కన కూర్చోండి. ఏ మాత్ర దేనికి, ఏ పూట, తిన్నాకా తినకముందా అని ఓపిగ్గా అడగండి. ఆమెకు తెలియనివి డాక్టర్‌నో, ఫార్మసిస్టునో అడిగి వచ్చి ఆమెకు చెప్పండి. ఆ గంట మీకు విసుగనిపించకపోతే ధైర్యంగా దరఖాస్తు చేయండి. మీలాంటివారి అవసరం ప్రతి ఊళ్లోనూ ఉంది.