మౌస్ వాళ్ల చేతికే ఇవ్వు

సూళ్లూరుపేట



పులికాట్ ఒడ్డున హైస్కూల్లో కంప్యూటర్ టీచరుగా చేరావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఒప్పంద ఉద్యోగమని కాస్త నసిగింది కూడా. ఆమె భయం ఉత్తదేం కాదు. 2008లో ఉమ్మడి రాష్ట్రంలో 5,000 హైస్కూళ్లకు కంప్యూటర్లు పెట్టి, నడిపే పని ఏజెన్సీలకు ఐదేళ్లకు ఇచ్చారు. 2013లో గడువు తీరింది. పాఠం చెప్పేవాళ్లు ఇంటికి పోయారు, చాలాచోట్ల గదికి తాళం పడింది. కాబట్టి నీ జీతం ఎవరిస్తారో, ఎప్పటిదాకా ఇస్తారో కాగితం మీద రాయించుకో. తొమ్మిదో తరగతిలో ఇద్దరు పిల్లల్ని చూసుకుని, నువ్వు లేని రోజు కూడా ల్యాబ్ తెరిచి నడిపేలా తయారుచెయ్యి.

ఇంక అసలు సంగతి. నువ్వు చేరిన వారానికే ఊరంతా నీ దగ్గరికొస్తుంది. ‘పాపా, ఈ అప్లికేషన్ కాస్త కొట్టిపెట్టు’ అంటారు. కొట్టిపెడితే మహా మంచిదానివి. నెల తిరిగేసరికి నువ్వు జీతం లేని మీసేవ అవుతావు, పాఠం అటకెక్కుతుంది. చేసిపెట్టడం సుఖం, అయిదు నిమిషాల్లో అయిపోతుంది. నేర్పాలంటే అరగంట పడుతుంది, పైగా ‘ఈ పిల్లకు పొగరు’ అన్న పేరొస్తుంది. రానీ. వాళ్లను కుర్చీలో కూర్చోబెట్టు, నువ్వు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడు. గడువు ఈ సాయంత్రంతోనే అయిపోతుందంటే మాత్రం నువ్వే కొట్టెయ్. మన పట్టుదల కోసం ఎవరి స్కాలర్‌షిప్పూ పోకూడదు.

ఓటీపీ దగ్గర మాత్రం ఏ మినహాయింపూ లేదు. మన వైపు ఓటీపీని పది మందిలో కేకేసి చెబుతారు, చూశావుగా. ఫోన్ నీ చేతికిచ్చి ‘నువ్వే చూసుకో’ అంటారు, అదేదో మర్యాద అన్నట్టు. తీసుకోకు. అంకెలు చదివేదీ వాళ్లే, నొక్కేదీ వాళ్లే. నువ్వు అటు తిరిగి నిలబడు. అట్లా తిరిగి నిలబడితేనే, అది ఎవరికీ చూపేది కాదని వాళ్లకు తెలుస్తుంది. 2017లో మొదలైన కేంద్రం డిజిటల్ సాక్షరత పథకంలో ఇంటికొకరికి 20 గంటల శిక్షణ ఇచ్చి, పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇచ్చారు. ఆ సర్టిఫికెట్ బీరువాలో పెట్టుకుని, ఏటీఎం దగ్గర కార్డూ పిన్నూ పక్కవాడి చేతిలో పెట్టేవాళ్లు నాకు తెలుసు. 2025 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం ‘మన మిత్ర’ వచ్చింది, తొలివిడతలోనే 161 సేవలు వాట్సాప్‌లో పెట్టారు. ఆఫీసు జేబులోకి వచ్చినా దాన్ని నొక్కడానికి ఇంకో మనిషి దగ్గరికే పోతుంటే ఏం లాభం?

పెద్దవాళ్లకు డబుల్ క్లిక్ నేర్పాలని పంతం పట్టకు. రెండో నొక్కుకు చెయ్యి కదిలిపోతుంది, ఫైలు ఎటో జరిగిపోతుంది, ‘చెడగొట్టానా అమ్మా’ అని లేచి నిలబడతారు. ఒకసారి నొక్కి ఎంటర్ కొట్టమను, సరిపోతుంది. వల తాళ్లు లాగి, ఉప్పునీళ్లలో నాని వేలిముద్రలు అరిగినవాళ్లు ఉంటారు. బయోమెట్రిక్ మిషను వాళ్ల వేలు పట్టదు. అది తమ తప్పని సిగ్గుపడుతుంటారు. మిషన్‌కు చాతకాలేదని చెప్పు, కనుపాపతో కూడా గుర్తింపు చేయించుకోవచ్చని చెప్పు.

పేర్ల గొడవ నీకు రోజూ ఉంటుంది. తమిళనాడు సరిహద్దు పక్కనే కదా, ఒక కాగితంలో ఇంటిపేరు ముందుంటుంది, ఇంకోదాంట్లో తండ్రి పేరు పొడి అక్షరమై ఉంటుంది. రెండూ ఒకటే మనిషని ఊరికి తెలుసు, కంప్యూటర్‌కు తెలియదు. దీన్నే పాఠం చెయ్యి. ఎక్సెల్‌లో పక్కపక్క గడుల్లో ఒకే పేరు రాయించు, ఒకదాని చివర స్పేస్ కొట్టించు. రెండూ సమానమా అని సూత్రం వేస్తే ‘ఫాల్స్’ అంటుంది. కళ్లకు కనపడని ఖాళీ వల్ల పింఛను ఎట్లా ఆగుతుందో పిల్లలకు అక్కడే తెలుస్తుంది. తర్వాత ‘శ్రీహరికోట’ అని తెలుగులో కొట్టించి ఎన్ని అక్షరాలో అడుగు. పిల్లలు అయిదంటారు. ‘లెన్’ సూత్రం పది అంటుంది, ఒత్తులూ గుణింతపు గుర్తులూ విడివిడిగా లెక్కపెడుతుంది మరి. ఆ రోజు క్లాసులో గోల గోలే.

ఊళ్లో రొయ్యలూ పీతలూ ఉండగా, పుస్తకంలోని కిరాణా కొట్టు లెక్కలు ఎందుకు? ఇంట్లో ఈ వారం ఎన్ని కిలోలు పడ్డాయి, ఏ ధర కట్టారు, షావుకారు పాత బాకీ కింద ఎంత పట్టుకున్నాడు అని పిల్లల చేత రాయించు. నేను ఒక ఊళ్లో ఇది చేయించాను. ఒక పిల్ల ఇంట్లో కూర్చుని బాకీ ఎప్పుడో తీరిపోయిందని లెక్క తేల్చింది. ఆ షావుకారు నాతో కొన్నాళ్లు మాట్లాడలేదు. నాకేం నష్టం లేదులే.

శ్రీహరికోటలో రాకెట్ లేచేటప్పుడు పిల్లలు ఎట్లాగూ మేడ ఎక్కుతారు. దిగాక అడుగు, అది పైన ఏం చేస్తుందని. 2022 నవంబరు 26న పీఎస్ఎల్వీ-సీ54 తీసుకెళ్లిన ఓషన్‌శాట్ సముద్రం రంగును చూస్తుంది, నీళ్లలో పాచి ఎక్కడ ఎక్కువుందో పసిగడుతుంది. ఇట్లాంటి ఉపగ్రహాలు పంపే సమాచారం నుంచే హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ చేపలు ఎక్కడ దొరకొచ్చో చెబుతుంది, తెలుగులోనే. కడలికి పోయే ఇళ్ల పిల్లల చేత ఆ సూచన తెరిపించి, మ్యాపు మీద చోటు వెతికించు. డేటా అంటే ఏమిటో ఇంతకంటే బాగా నేను చెప్పలేను.

సిస్టమ్‌కు ముగ్గురు కూర్చుంటే మౌస్ ఎప్పుడూ గట్టి పిల్లాడి చేతిలోనే ఉంటుంది. తక్కిన ఇద్దరూ సినిమా చూసినట్టు చూస్తారు. పది నిమిషాలకోసారి చప్పట్లు కొట్టి చేతులు మార్పించు. యానాది పిల్లలు వెనక బెంచీకే పోతారు, పిలిస్తే తప్ప ముందుకు రారు. శ్రీహరికోట అడవిలో తరాలుగా బతికినవాళ్ల మనవలు వాళ్లు. వంతు వాళ్లతో మొదలుపెట్టు.

అక్కడి గాలిలో ఉప్పుంటుంది, మిషన్ల లోపలికీ పోతుంది. సిస్టమ్ ఆన్ కాకుండా బీప్ బీప్ మంటే మెకానిక్ కోసం నాయుడుపేటకు ఫోన్ చెయ్యకు. ప్లగ్ పీకి, ర్యామ్ తీసి, పసుపుపచ్చ అంచును పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది పెట్టు. పదింట ఎనిమిది సార్లు లేస్తుంది. ఇది కూడా పిల్లల చేతే చేయించు, ముఖ్యంగా ఆడపిల్లల చేత.

చివరగా, సంవత్సరాంతానికి ఎవరో ఒక పెద్దమనిషి వస్తాడు. క్లాసుకు ఒక్కరోజూ రాని తన బంధువుకు కోర్సు చేసినట్టు సర్టిఫికెట్ రాసిమ్మంటాడు. ఒప్పంద ఉద్యోగం కాబట్టి నువ్వు భయపడతావని వాడికి తెలుసు. గట్టిగా కాదనకు, ‘సంతోషం అన్నా, రేపు పంపించండి, అరగంట పరీక్ష పెడతాను’ అను. ఆ వచ్చే పిల్లాడు పరీక్ష రాస్తానంటే నిజంగానే కూర్చోబెట్టి నేర్పు. రాకపోతే ఆ గొడవ అంతటితో పోతుంది. హాజరు రిజిస్టరు మాత్రం ఏ రోజుదారోజు సంతకాలతో ఉంచుకో, ఒక ఫొటో తీసి నీ ఫోన్లోనూ పెట్టుకో.

మీ మామయ్య